మూడు కాలేజీలు, తిరిగిరాని మోటార్లు

జూన్ 2

ఈ పుస్తకానికి ముందు వైపు నుంచి మోటార్ల లెక్క. వెనక వైపు నుంచి ఇది. రెండూ మధ్యలో కలిసేలోపు పని తేలిపోవాలి.

అమ్మాయికి ఫలితాలు వచ్చాయి. మార్కులు గొప్పగా చెప్పుకునేవి కావు, దాచుకునేవీ కావు. ఎలక్ట్రికల్ చదువుతానంటోంది. ఆ మార్కులకు ఈ వైపు సీటు ఇచ్చేవి మూడు కాలేజీలు. ఇరవై మూడో తేదీలోపు ఏదో ఒకదాంట్లో చేరుతున్నట్టు సంతకం పెట్టాలి. పెట్టాక మార్చుకోవడానికి లేదు.

నేను ఏడో తరగతితో ఆపేశాను. కాలేజీ అంటే నాకు తెలిసింది నీళ్ళ పంపు గది ఒక్కటే. పంపు కాలిపోతే పిలుస్తారు, విప్పి తెచ్చుకుంటాను, లోపలి తీగ కొత్తగా చుట్టి బిగించి వస్తాను. తరగతి గది గడప ఎప్పుడూ తొక్కలేదు. అలాంటివాణ్ణి మూడింట్లో ఏది మంచిదో తేల్చమంటున్నారు. మా ఆవిడ "మీరు చూడండి, మీరు ఏదంటే అదే" అంది. ఆ మాట వింటే భయం వేసింది. ఆమెకు చెప్పలేదు.

మూడింటికీ ఇంట్లో మేం పెట్టుకున్న పేర్లు ఉన్నాయి. అద్దాల కాలేజీ, బస్సులో ముప్పావు గంట. మిల్లు కాలేజీ, మూతపడ్డ నూలు మిల్లు గోడ పక్కన, నా షాపు నుంచి నడిస్తే పది నిమిషాలు. కొండ కాలేజీ, మూడున్నర గంటల ప్రయాణం, హాస్టల్ తప్పదు.

ఎలా పోల్చాలి? నాకు చేతనైన పద్ధతి ఒకటే. నేను చుట్టిన ప్రతి మోటారు అడుగున పెయింటుతో నంబరు వేస్తాను. అదే నంబరు పుస్తకంలో. ఏడాదిలోపు తిరిగి వస్తే ఎర్ర గీత. ఇరవై రెండేళ్ళలో ఎర్ర గీతలు నూటికి నాలుగు దాటలేదు. ఈ ఏడాదిన్నరగా నూటికి రెండే. షాపు గడప దాటేటప్పుడు ఎవడు చుట్టిన మోటారైనా తిరుగుతుంది. ఏడాది తర్వాత తిరుగుతోందా అన్నది చూడాలి.

కాలేజీకీ అదే. చేరినవాళ్ళు ఎందరు, పూర్తి చేసినవాళ్ళు ఎందరు, ఆ తర్వాత చదివిన పనిలో నిలబడ్డవాళ్ళు ఎందరు, దానికి మొత్తం ఖర్చు ఎంత. నాలుగు గళ్ళు గీశాను.

జూన్ 3

మిక్సీ మోటారు ఒకటి, టేబుల్ ఫ్యాన్లు రెండు. సన్న తీగ పని అమ్మాయి తనే చేస్తానంది, ఇచ్చాను. పొద్దుటిపూట నా వేళ్ళు కాస్త బిగుసుకుంటున్నాయి. వానలు పట్టే ముందు ఎవరికైనా అంతే.

జూన్ 5

మా బావమరిది వచ్చాడు. నిరుడు ఇన్సూరెన్సు, అంతకుముందు స్థలాలు, ఇప్పుడు అద్దాల కాలేజీకి పిల్లల్ని చేర్పించే పని. బల్ల మీద రంగుల పుస్తకం పరిచాడు.

"బావా, కళ్ళు మూసుకుని చేర్చెయ్. నూటికి తొంభై రెండు మందికి ఉద్యోగాలు. ఇదిగో, ఎంత లావు అక్షరాలతో వేశాడో చూడు."

"అక్షరం లావు సరే. ఆ నూరుగురు ఎవరు?"

"ఎవరంటే? పిల్లలు!"

"చేరినవాళ్ళా, పాసైనవాళ్ళా?"

వాడు తల పట్టుకున్నాడు. "అక్కా, ఈ మనిషి మారడే. మొదటిసారి మనింటికి వచ్చినప్పుడు కూడా నీ మొహం చూడకుండా మన పంపు చప్పుడు వింటూ కూర్చున్నాడు."

"పంపు బాగుచేశాకే నా మొహం చూశారు. రెండూ ఇంకా నడుస్తున్నాయిగా" అంది మా ఆవిడ.

అమ్మాయి గట్టిగా నవ్వింది. వాడు వెళ్ళాక మా ఆవిడ గొంతు తగ్గించి, "ఒక్కో పిల్లకి వాడికి ఇంత అని ముడుతుందట" అంది. తెలుసన్నాను. తమ్ముడే అయినా తనే చెప్పింది. అది నాకు నచ్చింది.

జూన్ 7

అద్దాల కాలేజీ.

గచ్చు ఎంత నున్నగా ఉందంటే, చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మంలో నిలబడిపోయాను. కౌంటర్లో అమ్మాయి మంచినీళ్ళిచ్చింది. టై కట్టుకున్న సారు లోపలికి పిలిచాడు. అడగాల్సినవి చీటీ మీద రాసుకుని వెళ్ళాను.

"తొంభై రెండు శాతం అంటే ఎంతమందిలో సార్?"

"ఎలిజిబుల్ స్టూడెంట్స్‌లో."

"అంటే?"

"అన్ని సబ్జెక్టులూ పాసై, మా దగ్గర పేరు రాయించుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళు."

"వాళ్ళు ఎందరు సార్?"

"పోయిన బ్యాచ్‌లో ఇరవై ఐదు మంది."

"ఆ బ్యాచ్‌లో చేరింది?"

ఆయన కంప్యూటర్ వైపు చూశాడు. అందులో ఏమీ నొక్కలేదు. "నూట ఇరవై."

ఇరవై ఐదులో ఇరవై ముగ్గురు. అక్కడే చీటీ వెనక వేసుకున్నాను. నూట ఇరవైలో ఇరవై ముగ్గురు. వాళ్ళయినా ఇప్పుడు ఆ పనిలో ఉన్నారా అంటే "అది వాళ్ళ పర్సనల్ విషయం" అన్నాడు. లేచి నిలబడి, "ఇంతకీ మీరు ఏం చేస్తుంటారు?" అని అడిగాడు.

"మోటార్లు చుడతాను."

"ఓహో" అన్నాడు. ఆ ఓహోతో నేను బయటికి వచ్చాను.

ఖర్చు మూడింట్లోకీ రెండోది. అద్దాల కాలేజీ పేరు కొట్టేయలేదు గానీ కింద పెట్టాను.

జూన్ 9

మిల్లు కాలేజీ. ఫీజు మిగతావాటిలో మూడో వంతు. ఆఫీసులో ఒక్కడే గుమాస్తా, నెత్తి మీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"పూర్తి చేసిన పిల్లలు తర్వాత ఏమయ్యారో లెక్క ఉందా అండీ?"

ఆయన నన్ను కాసేపు చూశాడు. "కోడి గుడ్లు పొదిగి పిల్లల్ని వదిలేస్తుంది. ఆ తర్వాత ఏది ఏ గింజ తిన్నదో రాసిపెట్టుకుంటుందా?"

"ఫిర్యాదులు ఏమైనా వచ్చాయా మరి?"

"ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలోనే ఉన్నాను. ఇక్కడ చదివి నా బతుకు ఇలా తగలడింది అని ఒక్కడు వచ్చి అడగలేదు."

రాసుకున్నాను. ఫిర్యాదు లేదు.

జూన్ 10

మిల్లు కాలేజీకి మూడు గళ్ళు ఖాళీ. ఖాళీ అంటే చెడ్డదని కాదు. షాపు పుస్తకంలో ఎర్ర గీత లేకపోతే మోటారు బాగున్నట్టే కదా వేస్తున్నాను. దీనికి వేరే న్యాయం ఎందుకు?

పది నిమిషాల నడక. అది కూడా చూడాలి.

జూన్ 12

కొండ కాలేజీ. తెల్లవారి మొదటి బస్సు. చివరి గంట అంతా మలుపులే, ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. కుడిచేతి పట్టు రెండుసార్లు జారింది. కమ్మీకి జిడ్డు ఉంది.

రికార్డుల గదిలో అరవైకి దగ్గరపడుతున్న ఒకావిడ. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. అడగగానే, "ఏ పేపరు వాళ్ళు మీరు?" అంది.

"పేపరు కాదమ్మా. ఆడపిల్ల తండ్రిని."

బీరువాలోంచి పొడుగాటి రిజిస్టరు తీసి నా ముందు తెరిచింది. ఎలక్ట్రికల్, మూడేళ్ళ కిందట బయటికి వెళ్ళిన బ్యాచ్. చేరింది అరవై. పూర్తి చేసింది నలభై ఏడు. అందులో చదివిన పనిలో ఉన్నది ముప్పై నాలుగు, వేరే పనిలో ఏడుగురు. ఇంకో ఆరుగురి పేర్ల ఎదుట పెన్సిల్‌తో "తెలియదు" అని రాసి ఉంది.

"పెన్సిల్ ఎందుకమ్మా?"

"తెలిశాక చెరపాలిగా."

మధ్యలో మానేసిన పదమూడుగురికి కారణం కూడా ఉంది. తండ్రి పోయాడు. లెక్కలు రాలేదు. ఇష్టం లేదు. మూడు పేర్ల ఎదుట "మా తప్పు" అని ఉంది. ఏమిటని అడిగాను.

"రెండో ఏడు ఆరు నెలలు లెక్చరర్ లేడు. ఈ ముగ్గురూ విసిగి వెళ్ళిపోయారు. మా తప్పు కాక వాళ్ళ తప్పా?"

"ఇది బయటివాళ్ళకి చూపిస్తే ప్రిన్సిపాల్ గారు ఏమీ అనరా?"

"అడిగినవాళ్ళకే చూపిస్తాను. మీకంటే ముందు ఎవరు అడిగారో గుర్తులేదు నాకు."

తిరుగు బస్సులో లెక్క వేశాను. అరవైలో పదమూడుగురు మానేయడం చిన్న సంఖ్య కాదు. ముగ్గురి విషయంలో తప్పు తమదేనని కాగితం మీద వాళ్ళే ఒప్పుకున్నారు. ఆరుగురు ఎటు పోయారో తెలియదు. ఖర్చు చూస్తే అన్నిటికంటే ఎక్కువ. ఫీజు, హాస్టల్, వారం వారం ఇంటికి వచ్చి వెళ్ళడానికి బస్సు.

"వారం వారం రమ్మని ఎవరన్నారు?" అంది మా ఆవిడ పుస్తకంలోకి తొంగిచూసి.

"పిల్ల ఉండలేదు."

ఆమె పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళింది.

జూన్ 14

పట్టిక పూర్తయింది. ఒకటి మిల్లు, రెండు అద్దాలు, మూడు కొండ. అమ్మాయికి చూపించాను. పుస్తకం వెలుతురుకి తిప్పి చాలాసేపు చూసింది.

"మిల్లు మొదట వచ్చిందా?"

"లెక్క అలా వచ్చింది మేస్త్రీ." షాపులో అందరి మీదా పెత్తనం చేస్తుందని చిన్నప్పుడు పెట్టిన పేరు.

"అయితే మిల్లే. నాలుగున్నరకల్లా షాపులో ఉంటా."

"షాపు సంగతి నేను అడగలేదు."

"అడగలేదులే."

ఇది రాసిపెట్టుకుంటున్నాను. నేను అడగలేదు.

సాయంత్రం తను మూడు మోటార్లు చుట్టింది. పాట పాడుతూ చుట్టే పిల్ల, ఇవాళ పాడలేదు.

జూన్ 16

చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టింది. ఈ దర్జీ కాజాలు మరీ ఇరుగ్గా కుడుతున్నాడు.

జూన్ 17

రేపు మిల్లు కాలేజీకి వెళ్ళి సంతకం పెట్టేయాలి. ఇరవై మూడు దాకా ఆగడం ఎందుకు? తేలిపోయింది కదా. తేలిపోయాక కూడా పట్టిక మళ్ళీ మళ్ళీ తీసి చూస్తున్నాను.

జూన్ 18

సంతకం పెట్టలేదు.

పొద్దున సన్న తీగ అయిపోయింది. అమ్మేవాడి దగ్గరా లేదు. ఇవ్వాల్సిన మోటారు ఉంది, అందుకని అవతలి వీధిలో రేడియో షాపుకి వెళ్ళాను. అతనూ మోటార్లు చుట్టేవాడే, నాకంటే పదేళ్ళు చిన్న. నోరు మూతపడదు కాబట్టి రేడియో. కోర్సు చదివినవాడు, సర్టిఫికెట్‌ను అద్దంలో బిగించి గోడకు పెట్టుకున్నాడు. ఆ గోడ వైపు నేను ఎప్పుడూ చూడను.

ఇవాళ చూశాను. సర్టిఫికెట్ కింద అరలో మోటార్లు బోర్లించి ఉన్నాయి. అడుగున తెల్ల పెయింటు నంబర్లు. నా చేతిరాత. ఏడు అంకెకి నడుమ అడ్డగీత పెట్టేది ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

రేడియో నోరు ఆగిపోయింది.

"అన్నా, అటు కూర్చో. టీ చెప్తాను."

"అవి నావి."

"పాత సామాన్లే అన్నా, ఏవో..."

"పిండిమర ఆయనది అది. ఎన్నిసార్లు వచ్చింది?"

"రెండుసార్లు."

"నా దగ్గరికి ఎందుకు తేలేదు?"

మెడ వెనక గోక్కున్నాడు. "నీ మొహం చూసి చెప్పలేక అన్నా. ఇరవై ఏళ్ళ పరిచయం. చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు, డబ్బు వెనక్కి ఇస్తానంటావు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, ఆయనకి మాత్రం చెప్పకయ్యా అని."

"లోపల ఏముంది?"

"ఎందుకన్నా ఇప్పుడు?"

"ఏముంది?"

"తీగ మీద పూత గీసుకుపోయింది. గాడిలోకి తోసేటప్పుడు. అప్పటికి తిరుగుతుంది. నాలుగైదు నెలలకి రెండు తీగలు ఒకదానికొకటి తగిలి మాడిపోతుంది. నీకు తెలియందేముంది?"

"మొత్తం ఎన్ని వచ్చాయి?"

"నీలాగా పుస్తకం రాస్తానా నేను?"

"సుమారుగా చెప్పు."

"ముప్పై దాటుంటాయి అన్నా. ఈ ఏడాదిన్నరలో."

తొమ్మిది నంబర్లు అరలో ఉన్నవి ఉన్నట్టు చీటీ మీద రాసుకున్నాను. తీగ ఇచ్చాడు, డబ్బు తీసుకోనన్నాడు. బల్ల మీద పెట్టి వచ్చాను.

జూన్ 19

షాపు తెరవలేదు.

జూన్ 20

తొమ్మిది నంబర్లూ పుస్తకంలో వెతికాను. అమ్మాయి చుట్టిన మోటారు పక్కన చిన్న చుక్క పెడతాను, నెలాఖరుకి తన చేతిఖర్చు లెక్కకి. తొమ్మిదింట్లో ఒక్కదాని పక్కనా చుక్క లేదు.

నూటికి రెండు అని రాసుకున్నాను, జూన్ రెండున.

కాలేజీల పట్టిక మళ్ళీ తీశాను. వారం వారం బస్సు వేసింది నేను. తప్పు రాసుకున్న కాలేజీకి ఆ రాసుకోవడాన్నే తప్పు కింద వేసింది నేను. ఏమీ రాయని కాలేజీకి ఆ ఖాళీనే మంచి కింద వేసింది నేను. తెలియక లెక్క తప్పితే ఒకటి ఇటు తప్పుతుంది, ఒకటి అటు తప్పుతుంది. ఇవి మూడూ ఒకే వైపు తప్పాయి. పది నిమిషాల నడక వైపు.

మిల్లు కాలేజీకి వెళ్ళాను. పాత హాజరు పట్టీ అడిగితే గుమాస్తా, "ఏం చేసుకుంటావయ్యా?" అంటూనే ఇచ్చాడు. మూడేళ్ళ కిందటి ఎలక్ట్రికల్, నలభై పేర్లు, ఫోన్ నంబర్లు. కాపీ చేసుకుని తెచ్చి మా ఆవిడకిచ్చాను. ఆమె గొంతుకి ఎవరైనా జవాబు చెబుతారు. వంటింటి ముందు మెట్ల మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఒక్కొక్కరికీ చేసింది. నేను పక్కన కూర్చుని రాశాను.

నలభైలో దొరికింది ఇరవై ఆరుగురు. చదువు మధ్యలో వదిలేసినవాళ్ళు పదిహేను. చదివిన పనిలో ఉన్నది నలుగురు. ఒకమ్మాయి బట్టల షాపులో ఉందట. విషయం చెప్పేలోపే, "కాలేజీ నుంచా? ఇన్నేళ్ళకి గుర్తొచ్చామా?" అందట. కాదమ్మా అనేసరికి పెట్టేసిందట.

ఫిర్యాదు లేదని గుమాస్తా అన్నది అబద్ధం కాదు. ఎవరూ వెళ్ళి చెప్పలేదు, అంతే.

ఫోను పక్కన పెట్టి మా ఆవిడ నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది. చూపుడు వేలు, మధ్య వేలు సగంలోనే ఆగిపోయాయి.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"గుండీలు ఎవరు పెడుతున్నారు?"

"అనలేదేం మరి?"

"దర్జీని తిడుతున్నారుగా, తిట్టుకోనీ అనుకున్నా."

నవ్వుదామనుకున్నాను. నా వల్ల కాలేదు.

జూన్ 21

పొద్దున్నే లేచి ఒక ఆలోచన చేశాను. దాచకుండా రాస్తాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి అమ్మాయి ఇక్కడే ఉండటం ఇంకా అవసరం. షాపు తన చేతుల మీదే నడుస్తోంది. అద్దాల కాలేజీలో వేసినా సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఇరవై ముగ్గురిలో మా అమ్మాయి ఉండకూడదా? ఇలా ఒక గంట అనుకున్నాను.

తర్వాత షాపుకి వెళ్ళాను. తను అప్పటికే తెరిచి, కాలిన కాయిల్ కోస్తోంది.

"మిల్లు కాలేజీ వద్దు" అన్నాను.

"అదేంటి? లెక్క వచ్చిందన్నావుగా."

"లెక్క తప్పు."

"నీ లెక్కా?" పనిముట్టు కింద పెట్టింది. "ఎవరు పట్టుకున్నారు?"

"నిన్న పట్టుకున్నాను. నేనే. నువ్వు ఎక్కడికి వెళ్దామనుకున్నావు మొదట?"

"ఎక్కడైనా ఒకటే."

"మేస్త్రీ."

"కొండకి. అయితే ఏం? నేను వెళ్ళిపోతే ఇవి ఎవరు చుడతారు?"

కోసిన తీగ ముక్కలు డబ్బాలోకి ఎత్తాను. తను ఆగలేదు. చాలా చెప్పింది.

"మార్చిలోనే చూశా నాన్నా, రేడియో బాబాయ్ షాపులో. నీ నంబర్లు. బాబాయ్‌ని నీకు చెప్పొద్దన్నది నేను కూడా. సన్న తీగ నేనే చుడతానని ఎందుకు గోల పెడుతున్నాననుకున్నావు? పాసయ్యేలా చదివి, మార్కులు మరీ రాకుండా..."

అక్కడ ఆగిపోయింది.

"మార్కులు ఏమిటి?"

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అడిగాను. చెప్పలేదు. ఇంకో మార్గం లేకుండా మిల్లు కాలేజీకే వచ్చేలా రాసిందా? లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా? ఆ గడి నింపడం నా చేత కాదు.

"లావు తీగ మోటార్లు నేను చుట్టగలను. సన్నవి రేడియోకి పంపిస్తాను" అన్నాను.

"సగం పని పోతుంది."

"పోతుంది."

"హాస్టల్‌కి ఎలా మరి?"

"తెలియదు."

తను ఏడ్చింది. కోపంతో ఏడ్చినట్టుంది. "తెలియదంటావేంటి? నువ్వు ఎప్పుడైనా అన్నావా ఆ మాట?" అంది.

జూన్ 22

కొండ కాలేజీ లెక్క మళ్ళీ చూశాను. ఈసారి ఏ వైపూ మొగ్గకుండా. అరవైలో ముప్పై నలుగురు. మిగిలిన ఇరవై ఆరుగురిలో మా అమ్మాయి ఉండదని ఎవరు చెప్పగలరు? ఆవిడ రిజిస్టరులో రాసినవాటిలో కూడా ఎంతో కొంత తప్పు ఉండొచ్చు. ఒక్క బ్యాచ్ చూసి పిల్ల నాలుగేళ్ళు పణంగా పెట్టేస్తున్నాను. కాకపోతే, తన పాడైన మోటార్లను లెక్క పెట్టుకున్న షాపు మూడింట్లో అదొక్కటే.

పట్టికలో కొండ పేరు మొదట రాశాను.

జూన్ 23

సంతకం పెట్టాను. పెన్ను పట్టు జారితే అమ్మాయి నా మణికట్టు కింద తన చెయ్యి పెట్టింది. కౌంటర్లో అతను చూసి తల తిప్పుకున్నాడు.

రికార్డుల ఆవిడ కొత్త రిజిస్టరులో తన పేరు రాసింది. చేరిన తేదీ వేసింది. ఆ వరసలో మిగతా గళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఈ గళ్ళు నింపేటప్పుడు ఫోన్ చేస్తాను. ఎత్తండి. చాలామంది ఎత్తరు" అంది. నాతో కాదు, అమ్మాయితో.

జూన్ 26

పిండిమరకు వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే మర ఆపేశాడు. పిండి దుమ్ములో ఇద్దరం నిలబడ్డాం.

"మీ మోటారు నేను పాడుచేశాను. వేళ్ళు సరిగ్గా లేవు. ఇకనుంచి రేడియో దగ్గరికే పంపండి."

"అయ్యో, అదేం మాట? నేను ఏమైనా అన్నానా?"

"అనలేదు. అందుకే వచ్చాను."

ఆయన భుజాన ఉన్న తువ్వాలు తీసి కుర్చీ తుడిచాడు. కూర్చున్నాను. ఇంకా ఇరవై చిల్లర ఇళ్ళు ఉన్నాయి. రోజుకి రెండు కంటే ఎక్కువ చేయలేను.

జూలై 4

తనను హాస్టల్‌లో దింపి వచ్చాం. గదికి నలుగురు. కిటికీ రెక్క పడటం లేదు, బిగించబోయాను. స్క్రూ నా వేళ్ళ మధ్య నిలవలేదు. తనే బిగించుకుంది.

జూలై 5

లావు తీగ మోటారు ఒకటి. రోజంతా పట్టింది.

జూలై 7

పని లేదు. అమ్మాయి ఫోన్ చేసింది. "అంతా బాగుంది నాన్నా" అంది. బాగుందంటే చాలన్నాను.

పెట్టేశాక చాలాసేపు ఆ మాటే వినిపిస్తోంది. అంతా బాగుంది. మోటారు తీసుకెళ్ళినవాళ్ళందరూ నాకు ఎదురైనప్పుడు అన్న మాట అదే.

జూలై 9

మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. ఇంతవరకు ఎప్పుడూ నేను చేయలేదు. మా ఆవిడ చేసి ఇస్తే మాట్లాడేవాణ్ణి.

"ఏంటి నాన్నా? అమ్మ బాగుందా?"

"బాగుంది. నువ్వు ఎలా ఉన్నావు?"

"బాగున్నా."

"బాగున్నానని చెప్పకు. ఏం బాగాలేదో చెప్పు."

అటు వైపు ఎవరో బకెట్ లాగుతున్న చప్పుడు.

"అన్నీ బాగానే..."

"పుస్తకం తెరిచి కూర్చున్నాను. రాసుకుంటాను, చెప్పు."

"నువ్వూ నీ పుస్తకమూ" అంది. తర్వాత మొదలుపెట్టింది. కూరలో ఉప్పు ఎక్కువ. నీళ్ళు పొద్దున ఏడు దాటితే రావు. పక్క మంచం అమ్మాయి గోడవైపు తిరిగి ఏడుస్తుంది, ఏం చేయాలో తెలియదు. ల్యాబ్‌లో మోటారు ఒకటే, ముప్పై మంది చుట్టూ నిలబడతారు, తనకు వెనక చోటు దొరుకుతుంది. మోటారు చుట్టడం వచ్చని ఎవరికీ చెప్పలేదు. లెక్కల సారు చెప్పేది మొదటి పది నిమిషాలు అర్థమవుతుంది, తర్వాత అందరూ రాస్తుంటే తనూ రాస్తుంది.

ఒక్కొక్కటీ రాశాను. అక్షరాలు వంకర పోతున్నాయి, నెమ్మదిగా చెప్పమన్నాను. ఏడోది మొదలుపెట్టి ఆగిపోయింది. అడగలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.

కాసేపటికి ముక్కు చీదుకుంది. "అన్నీ రాసుకున్నావా?"

"ఆరు రాశాను. ఏడోదానికి చోటు వదిలాను."

"సరే" అంది. "ఇప్పుడు నీది చెప్పు. బాగున్నాను అనకుండా."

షాపు బయట ఎవరో బండి ఆపారు. దిగి ఇటే వస్తున్నారు. ఆగమని చేత్తో సైగ చేసి కుర్చీ గోడవైపు తిప్పుకున్నాను.

"కుడిచెయ్యి. చూపుడు వేలు, దాని పక్క వేలు. ముందటేడు వానల్లో మొదలైంది" అని చెప్పడం మొదలుపెట్టాను.